తుక్కులో ఉక్కు

అమెరికాలో మనవాళ్ళ గరాజ్ తలుపు ఎత్తితే ఏముంటాయో మీకు తెలియనిది కాదు. కాస్ట్‌కోలో కొన్న బియ్యం బస్తాలు, పిల్లలు ఎదిగిపోయాక మిగిలిన సైకిళ్ళు, ఇండియా ప్రయాణానికి తప్ప కిందికి దిగని పెద్ద సూట్‌కేసులు, అట్లు వేసుకోవడానికి ఒక అదనపు స్టవ్. డెట్రాయిట్ శివార్లలో ఉన్న మా గరాజ్‌లో వీటితోపాటు ఒక చిన్న గ్యాస్ కొలిమి, సుత్తి దెబ్బలు తినడానికి ఒక దాగలి, గోడవారగా తుప్పు పట్టిన ఇనుప ముక్కల గుట్ట కూడా ఉంటాయి. ఆ గుట్టలో చాలా భాగం ఒకప్పుడు రోడ్ల మీద తిరిగిందే. పికప్ ట్రక్కుల కమాను పట్టీలు, కార్ల కాయిల్ స్ప్రింగులు, ఒకటి రెండు ఇరుసులు. మా ఆవిడ దాన్ని తుక్కు అంటుంది. నేను సరుకు అంటాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం పొద్దున్న ఎర్రగా కాలిన ఇనుము మీద సుత్తి వేస్తే తప్ప మనసు కుదుటపడని వాళ్ళు ఈ దేశంలో వేలమంది ఉన్నారు. అందులో నేనొకణ్ణి.

ఈ సరదా ఎలా నేర్చుకోవాలో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ తుప్పు గుట్ట ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే దారి తిరిగి తిరిగి నిజామాబాద్ జిల్లాకు చేరింది. ఆ దారి గురించి చెబుదామని.

ఇనుము వేరు, ఉక్కు వేరు

పాత కారు మొత్తం ఉక్కే కదా, ఏ ముక్క అయితేనేం అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్ళు. అలా కాదు. ఇనుములో కర్బనం ఎంత ఉందన్నదాన్ని బట్టి దాని గుణం మారిపోతుంది. కారు తలుపు రేకులో కర్బనం నూటికి 0.1 పాలు ఉంటే ఎక్కువ. దాన్ని ఎంత కాల్చి ఎంత చల్లార్చినా కత్తికి కావలసిన గట్టిదనం రాదు. ఇరుసులో సాధారణంగా 0.4 నుంచి 0.5 దాకా ఉంటుంది. దానితో సుత్తులు, ఉలులు చేసుకోవచ్చు. బాల్ బేరింగులకు వాడే ఉక్కులో ఒక పాలు ఉంటుంది. కమాను పట్టీలో సుమారు 0.6. అమెరికాలో ఎక్కువగా వాడే పట్టీ ఉక్కును 5160 అంటారు. అందులో కర్బనంతోపాటు కొద్దిగా క్రోమియం ఉంటుంది. మన దేశపు లారీ పట్టీలకు చాలాకాలం వాడిన రకం ఈఎన్ 45. అందులో క్రోమియం బదులు సిలికాన్ ఎక్కువ. రెండూ బరువుకు వంగి, మళ్ళీ లేచి నిలబడే రకాలే. వంగి లేవగలిగేదే గొడ్డలికీ, కొడవలికీ, మచ్చుకత్తికీ కావలసిన గుణం.

అందుకే లారీ తిరిగిన ప్రతి దేశంలోనూ కమ్మరి కన్ను దాని కమాను మీద పడింది. నేపాల్‌లో ఖుక్రీలు లారీల, జీపుల పట్టీలతోనే చేస్తారు. ఫిలిప్పీన్స్‌లో స్ప్రింగు పట్టీని మోల్యే అంటారు. మంచి కత్తి అంటే మోల్యే కత్తే అక్కడ. వీళ్ళెవరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోలేదు. రోడ్డు పక్కన విరిగి పడ్డ ముక్కను కొలిమిలో పెట్టి చూసి, ఎవరికి వారే కనిపెట్టుకున్నారు.

చిక్కంతా ఎక్కడంటే తుక్కుకు కాగితాలు ఉండవు. కొత్త ఉక్కు కొంటే దానిలో ఏముందో పట్టిక ఇస్తారు. పాత బండి విప్పితే వచ్చే ముక్క ఏ ఏడాదిది, ఏ మిల్లుది, ఏ రకందన్నది దాన్ని పట్టుకున్నవాడే తేల్చుకోవాలి. సాన చక్రానికి తాకించి నిప్పురవ్వలు చూస్తాం. మెత్తని ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. కర్బనం ఎక్కువైతే కాకరపువ్వొత్తిలా పూలు పూస్తాయి. ఆకురాయితో గీసి చూస్తాం. చిన్న ముక్క కోసి, అయస్కాంతం పట్టనంత వేడి దాకా, అంటే 770 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇంకొంచెం కాల్చి, గోరువెచ్చని నూనెలో ముంచి, విరిచి చూస్తాం. నేను ముంచేది కెనోలా నూనెలో, అంటే బజ్జీలు వేసే నూనెలోనే. విరిగినచోట గింజ సన్నగా ఉంటే మంచి పదును. ముతకగా, చక్కెర పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైందని అర్థం.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. బండికి బిగించి ఉన్న కాయిల్ స్ప్రింగును తగిన పరికరం లేకుండా విప్పితే అది ప్రాణం తీయగలదు. మూసి ఉన్న షాక్ అబ్జార్బర్‌ను కాలిస్తే పేలుతుంది. జింకు పూత ఉన్న ముక్కను కొలిమిలో పెడితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. లక్ష మైళ్ళు తిరిగిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళు ఉంటాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పాత పట్టీకన్నా, స్ప్రింగులు బాగుచేసే షాపులో కోసి పారేసిన కొత్త తునకలు అడిగి తెచ్చుకోమంటారు.

ఫోర్డ్ ఏరుకున్న ముక్క

డెట్రాయిట్‌లో ఉంటూ ఫోర్డ్ పేరెత్తకుండా ఉక్కు గురించి రాయడం కుదరదు. 1922లో వచ్చిన ఆత్మకథలో హెన్రీ ఫోర్డ్ ఒక సంగతి చెప్పుకున్నాడు. 1905లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కార్ల పందెంలో ఒక ఫ్రెంచి కారు గుద్దుకుని ముక్కలైందట. అక్కడ పడి ఉన్న చిన్న వాల్వు ముక్కను ఆయన ఏరుకుని చూస్తే చాలా తేలిగ్గా, చాలా గట్టిగా ఉందట. పరీక్ష చేయిస్తే అందులో వెనేడియం అనే లోహం కలిసి ఉందని తేలిందట. ఆ కథలో వివరాలు అటూ ఇటూ అయ్యాయని చరిత్రకారులు అంటారు. ఇంగ్లండు నుంచి వచ్చిన లోహశాస్త్రజ్ఞుడు కెంట్ స్మిత్, ఫోర్డ్ కంపెనీలోని హెరాల్డ్ విల్స్ వంటివాళ్ళ పాత్ర అందులో చాలా ఉంది. కాని 1908లో మోడల్ టి వచ్చేనాటికి దాని ఇరుసులకు, పళ్ళ చక్రాలకు, కమానులకు వెనేడియం ఉక్కు వాడిన మాట నిజం. ఆ కారు 1927 దాకా కోటిన్నర తయారైంది. కథ ఎంత నిజమైనా కాకపోయినా, తన కారు గొప్పతనం చెప్పుకోవడానికి ఫోర్డ్ ఎంచుకున్నది తుక్కులో ముక్క ఏరుకున్న సందర్భం. ప్రతి కమ్మరికీ ఆ కథ సొంతంగానే అనిపిస్తుంది.

అన్ని కార్లు చేస్తే అన్ని కార్లూ ఒకనాటికి చచ్చిపోవాలి కదా. 1930లలో ఫోర్డ్ తన రూజ్ కర్మాగారంలోనే పాత కార్లను కొని, విప్పి, కరిగించే వరుస ఒకటి నడిపాడు. 1942లో యుద్ధం కోసం దేశమంతటా ఇనుము పోగుచేశారు. పొలాల్లో పడి ఉన్న కార్లు, నాగళ్ళు, పాత పనిముట్లు బండ్లకెత్తి ఇచ్చేశారు. మూతబడ్డ కమ్మరి కొట్ల సామాను కూడా చాలా వాటితోపాటే పోయింది. యుద్ధం తర్వాత మళ్ళీ కార్లు గుట్టలు పడ్డాయి. రోడ్ల పక్కన ఆ గుట్టలు కనపడకుండా కంచె కట్టాలని 1965లో చట్టమే చేశారు. ఈలోగా 1950ల చివర్లో హ్యూస్టన్‌లో ప్రోలర్ కుటుంబం కారును మొత్తంగా మింగి పిడికెడు ముక్కలుగా ఉమ్మేసే యంత్రాన్ని పనిలో పెట్టింది. 1969లో న్యూకోర్ సంస్థ దక్షిణ కరోలైనాలోని డార్లింగ్‌టన్‌లో తుక్కును విద్యుత్తుతో కరిగించే చిన్న మిల్లు పెట్టింది. అప్పటి నుంచి తలుపు రేకూ, మంచి కమాను పట్టీ, బేరింగూ అన్నీ ఒకే కుండలో పడి, కట్టుబడి కడ్డీలుగా బయటికి రావడం మామూలైంది. పర్యావరణానికి అది మంచిదే. కాని ఆ కుండలో పడేలోపు ఏది ఏదో గుర్తుపట్టి పక్కన పెట్టే మనిషి ఆ ఏర్పాటులో అవసరం లేకుండా పోయాడు.

పుస్తకం చూసి నేర్చుకున్న కులవృత్తి

ట్రాక్టరూ కారూ వచ్చాక అమెరికాలో పల్లెటూరి కమ్మరి దాదాపు మాయమయ్యాడు. కొందరు గుర్రాలకు నాడాలు కొట్టే పనిలో మిగిలారు. 1969లో అలెక్స్ బీలర్ అనే ఆయన కమ్మరం మీద ఒక పుస్తకం రాశాడు. 1973లో జార్జియా రాష్ట్రంలోని లంప్‌కిన్‌లో కొద్దిమంది కలుసుకుని కళాకార కమ్మరుల సంఘం ఒకటి మొదలుపెట్టారు. అదే ఏడాది కాన్సస్ సిటీలో జరిగిన కత్తుల ప్రదర్శనలో బిల్ మోరన్, ఉక్కు పొరలు అతికి చేసిన డమాస్కస్ కత్తులు పెట్టాడు. 1976లో కత్తులు సాగదీసి చేసేవాళ్ళ సంఘం పుట్టింది. ఇప్పుడు ఇంచుమించు ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి సంఘాలున్నాయి. నేను నేర్చుకున్నదీ అలాంటి ఒక సంఘంలోనే. దంతవైద్యులు, ఫైర్ స్టేషన్ ఉద్యోగులు, రిటైరైన టీచర్లు పక్కపక్కన నిలబడి సుత్తి వేస్తారు. అక్కడ ఎవరికీ ఇది తాతల నుంచి రాలేదు. తెగిపోయిన దారాన్ని వెతికి ముడివేసుకున్నారు. తెలిసినది దాచుకోకుండా రాసిపెట్టారు.

ఆ వెతుకులాటలో ఒకటి మన దాకా వచ్చింది. మోరన్ చేసింది పొరల డమాస్కస్. పాత పారశీక కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి చార వేరు. అది అతికితే వచ్చేది కాదు, ఉక్కు ముద్దలోనే పుట్టాలి. ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రం చెప్పే జాన్ వెర్‌హోవెన్ కలిసి ఏళ్ళ తరబడి మూసల్లో ఉక్కు కరిగించి, సాగగొట్టి, చివరికి ఆ చార తెప్పించారు. 1998లో వాళ్ళు అచ్చువేసిన వ్యాసం సారాంశం ఇది: ఆ చారకు మూలం ఉక్కులో అతి స్వల్పంగా కలిసిన కొన్ని లోహాలు, అందులో ముఖ్యమైనది వెనేడియం. ఫోర్డ్ డబ్బు పోసి కలిపించిన లోహమే, పాతకాలపు ఉక్కు ముద్దల్లోకి ఖనిజంతోపాటు తనంతట తానే వచ్చి చేరింది.

ఆ ముద్దలు తయారైంది ఎక్కడ? దక్షిణ భారతంలో, శ్రీలంకలో. అందులో పేరుపడ్డ చోటు మన తెలంగాణ.

కోనసముద్రం

నిజామాబాద్ జిల్లాలో కమ్మరపల్లి అనే ఊరుంది. పేరులోనే వృత్తి ఉంది చూడండి. దాని దగ్గరే కోనసముద్రం. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ చూసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, పారశీక దేశంలో చార తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. 1820 ప్రాంతాల్లో సర్వే శాఖ భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వోయ్‌సీ కోనసముద్రంలో ఆ పనిని దగ్గరుండి చూశాడు. ఆయన రాసింది ఆయన పోయాక 1832లో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుముల్ని ఒక లెక్క ప్రకారం మట్టి మూసలో పెట్టి, మూత వేసి మెత్తి, కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ముద్ద చేసేవారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడే మకాం వేసి ఉక్కు కొంటూ ఉండేవాడని కూడా రాశాడు.

ఏ ఇనుము దేనితో కలపాలి, ఎంత కలపాలి అన్నది ఆ కమ్మరులకు తెలుసు. వెనేడియం అన్న పేరు వాళ్ళకు తెలియకపోవచ్చు. పేరు తెలియడం వేరు, గుర్తుపట్టడం వేరు. ఫలానా గుట్ట రాయితో వచ్చిన ఇనుమే కావాలని పట్టుబట్టడానికి రసాయన శాస్త్రం అక్కరలేదు.

ఉక్కు అన్న మన మాటే ఇంగ్లీషువాళ్ళ చేతిలో వుట్జ్ అయిందని ఎక్కువమంది పండితులు అంటారు. 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ దాని మీద పత్రం చదివాడు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు, విద్యుత్తు జోలికి పోకముందు, జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి దాని రహస్యం ఛేదించాలని చూశాడు. రకరకాల లోహాలు కలిపి ఉక్కులు చేసి చూడటం ఆ ప్రయత్నంలోనే సాగింది. అంటే నా గరాజ్‌లోని క్రోమియం కమాను పట్టీకి ముత్తాత వరసలో కోనసముద్రం ముద్దను చేర్చినా తప్పు లేదు.

మరి ఆ మూసలు ఏమయ్యాయి? కత్తులకు గిరాకీ పోయింది. ఓడల్లో వచ్చిన యంత్రాల ఇనుము చవకైంది. బొగ్గుకు కావలసిన అడవి చేయిజారింది. పందొమ్మిదో శతాబ్దంలోనే పని సన్నగిల్లి, ఆరిపోయింది. 2010లో బెంగళూరు, ఎక్సెటర్ నగరాల పరిశోధకులు ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి చిట్టెం కుప్పలు, పగిలిన మూసలు లెక్కకట్టారు. ఉక్కు అంటే మనకు గుర్తొచ్చేది 1966 నాటి విశాఖ ఉక్కు ఉద్యమం. ఆ మాటను ప్రపంచానికి పంపిన ఊళ్ళ పేర్లు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలం?

పాడే పట్టీ, దగ్గే పట్టీ

ఉక్కు చేయడం ఆగిపోయినా, ఉక్కును గుర్తుపట్టడం ఆగలేదు. ముద్ద రావడం మానేశాక కమ్మరి చేతికి రైలు సామాను వచ్చింది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో టాటా బెంజ్ లారీలు తయారయ్యాయి. బండ్లు విరిగేకొద్దీ పల్లె కొలిమికి కమాను పట్టీలు చేరాయి.

మా ఊరు ఆర్మూరు నుంచి మెట్‌పల్లి పోయే దారికి లోపలగా ఉంటుంది. 1970లలో మేమంతా కమ్మరి తాత అని పిలిచే పెద్దాయన కొలిమి మా బడికి వెళ్ళే దారిలో ఉండేది. నిజామాబాద్ లారీ షెడ్ల నుంచి విరిగిన పట్టీలు కిలోల లెక్కన తెచ్చుకునేవాడు. ప్రతి పట్టీని ఒక కొసన పట్టుకుని, రాయికి తాకించి, చెవి దగ్గర పెట్టుకునేవాడు.

"ఎందుకు తాతా?" అంటే, "మంచి పట్టీ పాడ్తది బిడ్డా. పర్రె వడ్డది దగ్గుతది," అనేవాడు.

ఆయన కొలిమిలో ఎప్పుడూ చీకటే. పేదరికం వల్ల అనుకునేవాళ్ళం. ఎండలో కాలిన ఇనుము రంగు కనపడదు, నీడలోనే కనపడుతుందన్నది ఇక్కడి సంఘంలో మొదటిరోజు చెప్పే పాఠం. కొడవలి సాగదీసి, కక్కు కొట్టి, మళ్ళీ కాల్చి, అంచును మాత్రం ఒక్క క్షణం నీళ్ళకు తాకించి తీసేవాడు. వెనుక మిగిలిన వేడి అంచుకు పాకుతూంటే పసుపు, గోధుమ, నీలం రంగులు వరసగా వస్తాయి. కావలసిన రంగు దగ్గర మళ్ళీ ముంచేవాడు. మేమిక్కడ 5160ను నీళ్ళలో ముంచితే పగులుతుందని నూనె వాడతాం, ఓవెన్‌లో 200 డిగ్రీల వద్ద రెండు గంటలు పెడతాం. ఆయన నీళ్ళతోనే, కంటితోనే ఆ రెండు పనులూ ఒక్క నిమిషంలో ముగించేవాడు. దానికి కూలీ, పంటలప్పుడు కళ్ళంలో కొలిచిచ్చే మేర. ఇచ్చినంత పుచ్చుకోవాలి. ఆ నేర్పుకు ఊరు ఇచ్చిన విలువ అంతే.

ఆయన పోయి చాలాకాలమైంది. కోత మిషన్లు వచ్చాక కొడవళ్ళకు పని తగ్గింది. కొడుకులిద్దరూ గల్ఫ్‌కు వెళ్ళారు. నిజామాబాద్ పల్లెల్లో అది కొత్త సంగతేం కాదు. నేనూ ఊరు విడిచినవాణ్ణే. తేడా ఒకటే. వాళ్ళు బతుకు కోసం కొలిమి ఆర్పుకుని వెళ్ళారు. నేను బతుకు కుదురుకున్నాక సరదాకు కొలిమి వెలిగించుకున్నాను. నాకు ఇది వారాంతపు విశ్రాంతి. వాళ్ళ నాన్నకు రెండు పూటల అన్నం. ఈ తేడా మరిచిపోయి మన ప్రాచీన లోహవిద్య అని గర్వపడటం నాకు చేతకాదు.

తుక్కు కూడా మారిపోతోంది. చాలా కార్లకు కమాను పట్టీలు పోయి ఎన్నో ఏళ్ళయింది. 1981లోనే కోర్వెట్ కారుకు ఉక్కు పట్టీ బదులు గాజునార పట్టీ వేశారు. పికప్పుల్లోనూ కొన్ని కాయిల్ స్ప్రింగుకు మారాయి. ఇండియాలో 2021లో పాత వాహనాల తుక్కు విధానం వచ్చింది. అనుమతి ఉన్న కేంద్రాల్లోనే బండ్లు విప్పి, మిల్లులకు పంపాలన్నది దాని దారి. పొగబండ్లు తగ్గడానికి అది అవసరమే. కాని షెడ్డు నుంచి కొలిమికి పట్టీ నడిచిన పాత దారి క్రమంగా మూసుకుపోతుంది. పట్టీ రాకపోతే, దాన్ని రాయికి తాకించి వినే చెవీ అక్కరలేదు.

అమెరికాలో ఒకసారి తెగిన విద్యను పుస్తకాలు, పాత పనిముట్లు, మిగిలిన కొద్దిమంది ముసలివాళ్ళను పట్టుకుని మళ్ళీ కూడగట్టారు. పెండ్రే ఏళ్ళ తరబడి మూసలు పగలగొట్టుకుంటూ వెతికింది, కోనసముద్రంలో ఎవరైనా రాసిపెట్టి ఉంటే అంత కష్టమయ్యేది కాదు. రాసే అక్షరం ఆ చేతులకు అందనివ్వలేదు, అందినవాళ్ళు ఆ కొలిమి వైపు చూడలేదు. రెండో తప్పు ఇంకా దిద్దుకోవచ్చు. కమాను పట్టీతో పనిచేసిన తరం ఇంకా పూర్తిగా పోలేదు.

ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో కొలిమి ఇంకా రగులుతుంటే ఒక పూట అక్కడ కూర్చోండి. పట్టీలు ఎక్కడ కొంటారో, మంచిదీ చెడ్డదీ ఎలా తేలుస్తారో, ఏ రంగు దగ్గర ముంచుతారో, ఆ రంగులకు వాళ్ళు పెట్టుకున్న పేర్లేమిటో అడగండి. ఫోనులో రికార్డు చేయండి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. వాళ్ళ పని పాడుచేసినందుకు ఒక రోజు కూలీ ఇవ్వండి. ఒక కొడవలో కత్తో చేయించుకుని, అడిగిన ధర బేరమాడకుండా ఇచ్చి రండి.